మనకు మనం వేసుకునే మార్కులు

స్వచ్ఛంద సంస్థల్లో కొన్నాళ్ళు పనిచేసినవాళ్ళందరికీ ఈ తంతు తెలిసే ఉంటుంది. ఫండర్, అంటే గ్రాంటిచ్చే సంస్థ, దగ్గర్నుంచి స్వీయ మదింపు కోసం ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. అందులో పాలన, ఆర్థిక నిర్వహణ, సిబ్బంది, కార్యక్రమాల పర్యవేక్షణ అని భాగాలుంటాయి. ఒక్కో ప్రశ్నకి ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు మనమే వేసుకోవాలి. జిల్లా కేంద్రంలో ఏదో హోటల్లో హాలు తీసుకుంటారు. డైరెక్టరుగారు, కో-ఆర్డినేటర్లు, అకౌంటెంటు, ఫండర్ తరఫున ఒక ప్రోగ్రాం ఆఫీసరు, నడిపించడానికి ఒక కన్సల్టెంటు. "బోర్డు క్రమం తప్పకుండా సమావేశమవుతోందా?" అని కన్సల్టెంటు చదువుతాడు. అందరూ డైరెక్టరుగారి వంక చూస్తారు. ఆయన "మూడు వేద్దామా, మూడున్నరా?" అంటారు. మూడున్నర పడుతుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మార్కులు పడ్డట్టే. మధ్యాహ్నం భోజనాల వేళకి సంస్థ పాలన ఎలా ఉందో తేలిపోతుంది.

నేను ఈ రంగంలోకి లెక్కల వైపు నుంచి వచ్చాను. అనంతపురం, కర్నూలు వైపు సంస్థలకి పుస్తకాలు రాశాను, తర్వాత కార్యవర్గ సభ్యుడిగానూ కూర్చున్నాను. ఈ షీట్లు చాలానే నింపాను. నింపడంలో ఒక లౌక్యముంది. మరీ తక్కువ వేస్తే గ్రాంటుకి ఎసరు. అన్నిటికీ నాలుగు వేస్తే "కెపాసిటీ బిల్డింగ్" పద్దు కింద రావాల్సిన డబ్బు రాదు. పైగా ప్రాజెక్టు ముగిసేటప్పుడు ఇదే షీటు మళ్ళీ నింపాలి, అప్పటికి మార్కులు పెరిగి కనబడాలి. అందుకని మొదట్లో రెండుంపావు, చివర్లో మూడుంపావు. ఈ ఏర్పాటు ఫండర్‌కీ తెలుసు. పెరిగిన మార్కులు వాళ్ళ పై ఆఫీసుకి వాళ్ళూ చూపించుకోవాలి కదా.

నేను చెప్పదలుచుకున్నది ఇది. ఈ స్వీయ మదింపులో రెండు వేర్వేరు పనులు ఒకే షీటులో కలిసిపోయాయి. బోర్డులో ఎవరున్నారు, వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారు, ఏడాదిలో ఎన్నిసార్లు కలిశారు, ఎవరికెంత జీతం అన్నవి వాస్తవాలు. బయటివాళ్ళకి తెలియాల్సినవి. ఇక్కడ నోరు విప్పొచ్చా, డబ్బు సంగతి అందరికీ తెలుసా, పెద్దాయన మాట కాదనొచ్చా అన్నవి తీర్పులు. లోపలివాళ్ళు మాత్రమే చెప్పగలిగినవి. వాస్తవాలు అందరి ముందూ పెట్టాలి. తీర్పులు ఫండర్‌కి చూపించనే కూడదు. మనం చేస్తున్నది సరిగ్గా తలకిందులు. వాస్తవాలు బీరువాలో పెట్టి తాళం వేసి, తీర్పులకి రంగు రంగుల గ్రాఫులు గీసి పంపిస్తున్నాం.

ఇలాంటి షీట్లలో బాగా పేరుపడ్డదాన్ని 2001లో అమెరికాలో మెకిన్సీ సంస్థ తయారుచేసింది, వెంచర్ ఫిలాంత్రపీ పార్ట్‌నర్స్ అనే దాతృత్వ సంస్థ కోసం. నాలుగు మెట్ల కొలత. ఇది శాస్త్రీయమైన కొలబద్ద కాదు, అలా వాడొద్దు అని తయారుచేసినవాళ్ళే అందులో రాసుకున్నారు. సంస్థలోని మనుషులు కూర్చుని తమ బలహీనతల గురించి మాట్లాడుకోవడానికి ఒక సాకుగా దాన్ని ఉద్దేశించారు. అది చేతులు మారి మారి మన దగ్గరికొచ్చేసరికి ఆ హెచ్చరిక రాలిపోయింది, అంకె మిగిలింది. ఇప్పుడు మూడుకి పాయింటు తర్వాత రెండు స్థానాలు కూడా వేస్తున్నారు.

మన దేశంలో జరిగిన ప్రయత్నం కొంత నయం. 2004లో ఏర్పడిన క్రెడిబిలిటీ అలయన్స్ స్వచ్ఛంద సంస్థలే కలిసి రాసుకున్న కనీస ప్రమాణాల్ని ముందుకు తెచ్చింది. బోర్డు ఏడాదికి కనీసం రెండుసార్లు కోరంతో (కావలసినంతమంది హాజరుతో) కలవాలి, బోర్డు సభ్యుల పేర్లు, వాళ్ళకిచ్చే ప్రతిఫలం వెల్లడించాలి, ఎక్కువ జీతాలూ అతి తక్కువ జీతమూ బయటపెట్టాలి వంటివి. గమనించండి, ఇవి ఎక్కువగా వాస్తవాలు. అవునో కాదో చెప్పాలి. మూడుంపావు వేసుకోవడానికి సందు లేదు.

వాస్తవాలు దాచుకోవడం ఎలా అలవాటైందో అర్థం కావాలంటే మన సొసైటీలు పుట్టే తీరు చూడాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి బ్రిటిష్ చట్టం, తెలంగాణలో నిజాం కాలపు 1350 ఫస్లీ చట్టం నడిచేవి. కొత్త చట్టం ప్రకారం సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురు ఎవరు? స్థాపకుడు, ఆయన భార్య, బావమరిది, కాలేజీ స్నేహితుడు, స్నేహితుడి భార్య, ఊళ్ళో రిటైరైన మేష్టారు, ఏడో సంతకానికి ఆ పూట ఆఫీసులో ఉన్నవాడు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. ఇంకా మొదలుపెట్టని సంస్థని నమ్మి సంతకం పెట్టేవాళ్ళు ఇంట్లోవాళ్ళే కదా. చిక్కల్లా ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా, కోట్లలో గ్రాంట్లు వస్తున్నప్పుడు కూడా, ఆ ఏడుగురే ఉండటం. మినిట్స్ పుస్తకం అటెండరు చేతికిచ్చి ఇంటింటికీ పంపి సంతకాలు చేయించడం. తీర్మానాలన్నీ "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ముగియడం. ఆడిటరుకి సంతకాలు కనబడతాయి. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చేసే జాబితా సరిగ్గానే ఉంటుంది. కాగితం మీద తప్పు పట్టేందుకు ఏమీ దొరకదు.

కాగితం సరిగ్గా ఉండటం గురించి మన తెలుగువాళ్ళకి ఒకరు పాఠం చెప్పాలా? 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కి కార్పొరేట్ గవర్నెన్స్‌లో శ్రేష్ఠతకి గోల్డెన్ పీకాక్ గ్లోబల్ అవార్డు వచ్చింది. బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూలు ప్రొఫెసరున్నారు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఉన్నారు. అదే ఏడాది డిసెంబరు 16న యజమాని కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని కొనాలన్న ప్రతిపాదన అదే బోర్డు ముందుకొస్తే ఏకగ్రీవంగా పాసైంది. వాటాదారులు గగ్గోలు పెడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలకి, 2009 జనవరి 7న, లేని నగదు 5,040 కోట్లు పుస్తకాల్లో ఉందని ఛైర్మనే ఉత్తరం రాశాడు. అవార్డు వెనక్కి తీసుకున్నారు. అది కంపెనీ, మావి సేవా సంస్థలు అనొచ్చు. కానీ అంతమంది మేధావులున్న బోర్డులో ఆ రోజు "వద్దు" అని ఒక్క ఓటు పడలేదన్నది నాకు ముఖ్యంగా కనిపించే సంగతి. మన షీట్లలో స్వతంత్ర సభ్యులున్నారా అని అడుగుతారు. పోయిన మూడేళ్ళలో ఎవరైనా, దేనికైనా, వద్దన్నారా అని అడగరు.

భయం కూడా ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పను. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. అందిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదంది. పెద్ద సంస్థల ద్వారా నాలుగు లక్షలో ఐదు లక్షలో అందుకునే చిన్న సంస్థలు దాంతో ఎండిపోయాయి. బోర్డు సభ్యుల ప్రయాణ ఖర్చులు, లెక్కలు రాసేవాడి జీతం, లాయరు ఫీజు, ఆఫీసు అద్దె, రిపోర్టులు తయారుచేసే ఖర్చు, అన్నీ ఆ ఇరవైలోనే సర్దుకోవాలి. అంటే పాలన బాగుచేసుకోవడానికి పెట్టే రూపాయి కూడా చట్టం దృష్టిలో "పరిపాలన ఖర్చే". ఆదాయపన్ను మినహాయింపు కోసం చేయించుకునే 12ఏ రిజిస్ట్రేషన్ ఒకప్పుడు శాశ్వతం, 2021 నుంచి దానికి గడువొచ్చింది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే అదే ఏడాది నుంచి సీఎస్ఆర్-1 అనే రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. కంపెనీ తన సొంత పరిపాలన ఖర్చుకి పాటించాల్సిన ఐదు శాతం పరిమితిని మన బడ్జెట్ మీద రుద్దే కంపెనీ మేనేజర్లు బోలెడుమంది. ఇన్ని చోట్ల ఇన్ని ఫారాలు నింపి వచ్చిన డైరెక్టరు ముందు "మీ సంస్థ బలహీనతలు నిజాయితీగా రాయండి" అని ఇంకో ఫారం పెడితే ఆయన ఏం రాస్తాడు? దాన్ని కూడా తనిఖీ అనుకునే రాస్తాడు. తప్పు ఆయనది కాదు. డబ్బిచ్చే చేతికే మన లోపాల పట్టిక కూడా అందించమనడం ఆ పద్ధతిలోని లోపం.

అయితే ఈ సానుభూతికి ఒక హద్దుంది. ఇక్కడ మావాళ్ళతో నాకెప్పుడూ పేచీయే.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకానికి సామాజిక తనిఖీని రాష్ట్రమంతా పద్ధతి ప్రకారం నడిపి దేశానికి దారి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. రాజస్థాన్‌లోని ప్రజా సంఘం మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నడిపిన జన్ సున్‌వాయీల (బహిరంగ విచారణల) నుంచి నేర్చుకుని, 2009లో దానికంటూ విడిగా ఒక సొసైటీని కూడా పెట్టారు. ఊళ్ళోని చదువుకున్న పిల్లలు మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "నీ పేరుతో ఇన్ని రోజుల కూలి రాశారు, అందిందా?" అని అడిగి, మండల ప్రజావేదికలో అందరి ముందూ చదివేవాళ్ళు. ఫీల్డ్ అసిస్టెంట్లు, మేట్లు, ఇంజనీర్లు అక్కడే నిలబడి జవాబు చెప్పుకోవాలి. మన సంస్థలు ఈ పనిలో చెయ్యి వేశాయి, దాని గురించి గర్వంగా చెప్పుకున్నాయి. మరి అదే ఊళ్ళో, అదే రచ్చబండ మీద, "మీ ఊరి పేరు చెప్పి మేం పోయిన ఏడు ఇంత తెచ్చాం, ఇంత జీతాలకి పోయింది, ఇంత మీ దాకా వచ్చింది" అని చదివిన సంస్థలెన్ని? ప్రభుత్వం నుంచి గణనీయంగా డబ్బు పొందే సంస్థలు సమాచార హక్కు చట్టం కిందికొస్తాయని 2019లో డీఏవీ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. మనం ఎమ్మార్వోని అడిగే ప్రశ్నలే మనల్నీ ఎవరో అడుగుతారు.

లైంగిక వేధింపుల నిరోధక చట్టం సంగతి ఇంకా వింత. 2013 నాటి ఆ చట్టం స్వచ్ఛంద సంస్థల్ని పేరుపెట్టి మరీ పని స్థలాలుగా లెక్కించింది. పదిమంది ఉద్యోగులుంటే అంతర్గత కమిటీ ఉండాలి, అందులో ఒక బయటి సభ్యులు ఉండాలి. కంపెనీలకి, బ్యాంకులకి ఆ బయటి సభ్యులుగా వెళ్ళేది ఎక్కువగా మన సంస్థల అక్కలే. వాళ్ళ సొంత ఆఫీసులో కమిటీ ఎవరని హాస్టలు ఆయాని అడిగి చూడండి. నోటీసు బోర్డు మీద కాగితం ఉంటుంది, ఇంగ్లిషులో.

తీర్పుల మదింపు ఎలా ఉంటే పనికొస్తుందో నాకు ఒక సంస్థలో చూసే అవకాశం దొరికింది. పేరు చెప్పను. ఫండర్‌కి చెప్పకుండా, కన్సల్టెంటు లేకుండా చేశాం. ప్రశ్నలు తెలుగులో, ఊళ్ళో మాట్లాడే తెలుగులో. చీటీల మీద పేర్లు రాయొద్దన్నాం. కార్యవర్గం చీటీలు ఒక డబ్బాలో, కో-ఆర్డినేటర్లవి ఒకదాంట్లో, ఫీల్డ్ స్టాఫ్, వంటమనుషులు, డ్రైవర్లు, వాచ్‌మన్లవి ఇంకోదాంట్లో. చదవడం రానివాళ్ళకి పక్క సంస్థ నుంచి వచ్చిన ఒకావిడ చదివి వినిపించింది. సగటు తియ్యలేదు. సగటు తీస్తే అసలు విషయం చచ్చిపోతుంది. ఒకే ప్రశ్నకి మూడు డబ్బాల్లో జవాబులు ఎక్కడ దూరంగా ఉన్నాయో అదొక్కటే చూశాం.

ప్రశ్నలు చిన్నవి. సంస్థకి పోయిన సంవత్సరం ఎంత డబ్బు వచ్చిందో మీకు ఎవరైనా చెప్పారా? డైరెక్టరుగారికి ఇష్టం లేకపోయినా జరిగిన నిర్ణయం ఒక్కటి గుర్తుందా? మీపై అధికారి మీతో తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి చెబుతారు, ఆ మనిషి పేరేంటి? సంస్థ పనికి మీ సొంత డబ్బు ఇప్పుడు ఎంత ఖర్చయి ఉంది, అది తిరిగి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

చివరి ప్రశ్న దగ్గర డబ్బాలు ఒకదానికొకటి అందనంత దూరంగా ఉన్నాయి. కార్యవర్గమంతా "అడ్వాన్సులు ఇస్తాం కదా, నెలలోపే సర్దుబాటవుతుంది" అని రాసింది. ఫీల్డ్ స్టాఫ్ చీటీల్లో పెట్రోలు డబ్బులు, మీటింగుల టీ ఖర్చులు, బస్సు ఛార్జీలు నెలల తరబడి రాలేదని ఉంది. ఎందుకంటే ప్రాజెక్టు వాయిదా డబ్బు ఫండర్ నుంచి ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేదాకా ఆఫీసులో టీఏ బిల్లులు తీసుకోరు, డబ్బు వచ్చాక పట్టుకురమ్మంటారు. పది పన్నెండు వేల జీతగాడు సంస్థకి వడ్డీ లేని అప్పు ఇస్తున్నాడన్నమాట. లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఏ ఆడిటరూ దీన్ని పట్టుకోలేడు. నగదు పద్ధతిలో రాసే పుస్తకాల్లో ఖర్చు పుట్టేది వోచరు పడిన రోజునే. అంతకుముందు అది ఒక మనిషి జేబులో ఉంటుంది, ఏ బ్యాలెన్స్ షీటులోనూ ఉండదు. మేం మండలానికొకటి చొప్పున చిన్న శాశ్వత అడ్వాన్సు పెట్టాం, సంస్థ సొంత నిధి నుంచి. పెద్ద మొత్తం కూడా కాదు. అప్పటిదాకా ఆ సంస్థ ఎన్నో షీట్లలో "ఆర్థిక నిర్వహణ" కింద మంచి మార్కులే వేసుకుంది.

వద్దన్నా జరిగిన నిర్ణయం గురించిన ప్రశ్నకి జవాబులు దాదాపు అన్ని డబ్బాల్లోనూ ఒకేలా ఉన్నాయి. ఖాళీగా. అక్కడ దూరమే లేదు, నేను చెప్పిన పద్ధతి అక్కడ పనిచెయ్యలేదు. డైరెక్టరుగారు వాటిని చూసి, "అంటే అందరూ నాతో ఏకీభవిస్తున్నట్టే కదా" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి. ఆ మాట మీద జరిగిన చర్చ ఆ రోజు అన్నిటికన్నా పొడుగైంది.

స్థాపకుల మీద నాకు కోపం లేదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత, ఆ ముందూ వెనకా, చదువులూ ఉద్యోగాలూ వదిలి పల్లెలకి వచ్చిన ఆ తరం మొండితనం లేకపోతే ఈ సంస్థల్లో సగం ఉండేవే కావు. వాళ్ళకిప్పుడు డెబ్బై దాటాయి. కొడుకో కూతురో వచ్చి పగ్గాలు తీసుకుంటున్నారు. అది దానికదే నేరమని నేననను. ఆ ఊళ్ళలో పెరిగిన పిల్లకి ఆ పని తెలిసి ఉండొచ్చు. కానీ ఆ విషయం కార్యవర్గంలో ఎప్పుడు చర్చకొచ్చింది, ఇంకెవరి పేరైనా పరిశీలించారా, కొత్త డైరెక్టరు జీతం ఎవరు ఖరారు చేశారు అన్నవి వాస్తవాలు. వార్షిక నివేదికలో నాలుగు వాక్యాలు చాలు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది కొత్త కాదు. అక్కడి లాభాపేక్ష లేని సంస్థలు పన్ను శాఖకిచ్చే ఫారం 990లో పాలన గురించి ఒక భాగముంది. డైరెక్టర్లలో, అధికారుల్లో ఎవరికైనా ఒకరితో ఒకరికి బంధుత్వం గానీ వ్యాపార సంబంధం గానీ ఉందా, ప్రయోజనాల వైరుధ్యం మీద రాతపూర్వక విధానం ఉందా అని అడుగుతుంది. అందులో ఉన్న విధానాల్లో చాలావాటిని పన్ను చట్టం తప్పనిసరి చెయ్యలేదు. ఉందో లేదో చెప్పమంటుంది, అంతే. కానీ ఆ ఫారం ఎవరైనా చూడొచ్చు. అందరూ చూస్తారని తెలిస్తే జవాబు "అవును" అయ్యేలా చేసుకుంటారు. ఊరి బడికో అనాథాశ్రమానికో డాలర్లు పంపే మన ఎన్నారైలు ఇక్కడి సంస్థని అదే ప్రశ్న అడగరెందుకు? మొహమాటం. "బాబాయి స్నేహితుడు నడుపుతున్నాడు, ఏం అడుగుతాం" అని. అడగండి. నిజంగా పనిచేసే సంస్థ చిన్నబుచ్చుకోదు.

చిన్న సంస్థలకి ఇంత ఓపిక ఉండదంటారు. వాస్తవాల పేజీ రాయడానికి ఒక సాయంత్రం చాలు, విషయాలన్నీ అకౌంటెంటు దగ్గర ఉన్నవే. చీటీల పనికి ఒక పూట. నవంబరులో పెట్టుకుంటే మంచిది. సెప్టెంబరు ఆఖరుకి ఆడిట్ రిపోర్టుల హడావిడి అయిపోతుంది, విదేశీ విరాళాల రిటర్నుకి డిసెంబరు 31 దాకా టైముంటుంది, కొత్త ప్రపోజల్స్ ఒత్తిడి ఇంకా మొదలుకాదు.

తేలనిది ఒకటుంది. మేం అడిగింది సిబ్బందినీ కార్యవర్గాన్నీ మాత్రమే. సంఘాల్లోని ఆడవాళ్ళని, హాస్టలు పిల్లల్ని అడగలేదు. వాళ్ళు పేరు లేని చీటీ మీద కూడా మంచే రాస్తారు. సంస్థ వెళ్ళిపోతే ఎలా అన్న భయం వాళ్ళది. సామాజిక తనిఖీలో మాదిరిగా అడిగేవాళ్ళు వేరే సంస్థవాళ్ళయితే కొంత మేలేమో. మా ఊళ్ళకి వాళ్ళ ఫీల్డ్ స్టాఫ్, వాళ్ళ ఊళ్ళకి మావాళ్ళు వెళ్ళి అడిగేలా. ఈ మాట పక్క సంస్థతో కదిపితే వాళ్ళు ముందు అడిగింది "రిపోర్టు ఎవరికి పంపాలి?" అని. ఎవరికీ అక్కర్లేదన్నాం. బోర్డులో పెట్టి చెబుతామన్నారు.